విచారణ రిజిస్టరులో ముత్తాత జాడ: రాయప్పను పేత్రుస్‌గా వెతకండి

గుంటూరు, కృష్ణా ప్రాంతాల కతోలిక కుటుంబాల్లో రాయప్ప తాత కోసం వెతికేవాళ్లు చాలాసార్లు విచారణ (పారిష్, అంటే ఒక గురువు కింద ఉండే చర్చి పరిధి) రిజిస్టరులో ఆ పేరు కనపడక వెనక్కి వచ్చేస్తారు. గురువులు (చర్చి ఫాదర్లు) లాటిన్‌లో రాసిన కాలంలో ఆయన అక్కడ పేత్రుస్. అలాగే చిన్నప్ప అంటే పౌలుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్, శౌరి ఫ్రాన్సిస్కుస్ జావేరియుస్, జోజి యోసేఫుస్. ఈ జాబితా చేతిలో లేకుండా పుస్తకం తెరవకండి.

ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇంటిపేరు, పిలుపు పేర్లు, నాయనమ్మ అమ్మమ్మల పుట్టిళ్లు, సమాధులున్న ఊళ్లు రాసుకోండి. తర్వాత గురువుగారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ విచారణ ఏ ఏడాది, ఏ విచారణ నుంచి విడిపోయింది? ఇవాళ సొంత గుడి ఉన్న ఊరు అప్పట్లో పక్క విచారణకు సబ్‌స్టేషన్ (దాని కింద ఉండే చిన్న ఊరు) అయితే, జ్ఞానస్నానాలన్నీ (బాప్తిజాలన్నీ) ఆ తల్లి విచారణ పుస్తకంలోనే ఉంటాయి. మేత్రాసనాలదీ (బిషప్‌గారి పాలనలోని ప్రాంతాలు) అదే దారి: గుంటూరు 1940లో నెల్లూరు నుంచి, నెల్లూరు 1928లో మద్రాసు నుంచి విడివడ్డాయి. అసలు పుస్తకం చెదలు తినేసిందంటే ఆశ వదులుకోవద్దు. 1918లో అమల్లోకి వచ్చిన చర్చి చట్టం ప్రకారం ఏటా ఒక నకలు బిషప్‌గారి కార్యాలయానికి పంపాల్సి ఉండేది. అక్కడా అడగండి.

పాత నమోదు ఇలా ఉంటుంది: “దియె 4 7బ్రిస్ 1911 బాప్తిజావి పేత్రుమ్, నాతుమ్ దియె 30 ఆగుస్తి, ఫీలియుమ్ ఫ్రాన్సిస్చి ఎత్ మరియే.” ఫ్రాన్సిస్, మరియల కొడుకుగా ఆగస్టు 30న పుట్టిన పేత్రుకు 4వ తేదీన జ్ఞానస్నానం ఇచ్చానని అర్థం. 7బ్రిస్ చూసి జూలై అనుకుంటే పప్పులో కాలేసినట్టే, అది సెప్టెంబర్. 8 అక్టోబర్, 9 నవంబర్, 10 డిసెంబర్. పేత్రుస్, పేత్రుమ్, పేత్రి మూడూ ఒకే మనిషి. మనం రాయప్ప, రాయప్పను, రాయప్ప యొక్క అన్నట్టు విభక్తి మారిందంతే.

“అదుల్తుస్” అని ఉంటే పెద్దయ్యాక పుచ్చుకున్న జ్ఞానస్నానం. ఆ వయసు అంచనాగా రాసిందే అయి ఉండొచ్చు, ముఖ్యంగా 30, 35, 40 లాంటి అంకె అయితే. పుట్టిన ఏడాదికి అటూ ఇటూ కనీసం ఐదేళ్లు వదిలి వెతకండి. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు తప్పక రాసుకోండి, తరచూ వాళ్లు దగ్గరి బంధువులే. 1908 నుంచి, ఎవరి పెళ్లి ఎక్కడ జరిగిందో వాళ్ల జ్ఞానస్నాన నమోదు పక్క అంచులో రాయాలన్న నియమం వచ్చింది. ఆ చిన్న అక్షరాలే మిమ్మల్ని ఇంకో ఊరి రిజిస్టరుకు తీసుకెళ్తాయి.

మన కుటుంబాలకు అన్నిటికంటే విలువైనది పెళ్లి పుస్తకంలో “దిస్పెన్సాతియో” అన్న మాట. మేనరికానికి చర్చి అనుమతి కావాలి కాబట్టి అక్కడ చుట్టరికం కూడా రాస్తారు. “సెకుందో గ్రాదు” అంటే అప్పటి లెక్కలో వధూవరులు మేనత్త మేనమామల పిల్లల వరసవాళ్లు. అంటే ఇద్దరికీ ఒకవైపు తాత, అవ్వ ఒకరే. ఆ తర్వాత “తాంజెంతె ప్రీముమ్” అని కూడా ఉంటే మేనమామ, మేనకోడళ్ల పెళ్లి. వంశవృక్షంలో రెండు కొమ్మలు కలిసే చోటు ఆ ఒక్క వాక్యంతో తేలిపోతుంది.

“స్తాతుస్ అనిమారుమ్” అనే కుటుంబ పుస్తకం ఉందేమో కూడా అడగండి. అందులో ఇంటిల్లిపాదీ ఒకేచోట ఉంటారు.

ఒక్కరే చదివితే తప్పులు దొర్లుతాయి. అదే ప్రాంతం మీద పనిచేసే మరో ఇద్దరితో పేజీలు పంచుకోండి. ఒక్కో పేజీని ఇద్దరు విడివిడిగా చదివి, తేడా వచ్చిన చోట మూడోవారికి చూపించండి. సాయం అడిగేటప్పుడు ఊరు, పాత తాలూకా, ఏళ్ల అంచనా, ఇప్పటికే చూసిన పుస్తకాలు చెప్పండి. ఒక్క వరుస కత్తిరించి పంపితే ఎవరూ చదవలేరు, పేజీ మొత్తం పంపండి. అదే చేతిరాతలోని మిగతా అక్షరాలతో పోల్చి చూస్తేనే అనుమానం తీరుతుంది. అయితే బతికున్నవాళ్ల వివరాలు, కులం రాసిన గడులు వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ పంపొద్దు.

గురువుగారి అనుమతితో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. పుస్తకం దగ్గర పెన్ను వద్దు, పెన్సిలే. పేజీ తిప్పడానికి వేలు తడి చేయకండి. ప్రతి నమోదుకూ పుస్తకం పేరు, ఏడాది, పేజీ, వరుస సంఖ్య రాసుకోండి. పని పూర్తయ్యాక మీరు తయారుచేసిన పేర్ల సూచిక ఒక ప్రతి విచారణకు ఇవ్వండి, ఆ పెళుసు కాగితాలను తర్వాతివాళ్లు అన్నిసార్లు తిప్పక్కర్లేదు.