వానలకు ముందు హైబ్రిడ్ కారు టైర్లు: మైలేజీ మీటరును నమ్ముకోకండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో రోడ్లను ముంచెత్తే వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతీ, తిరుమల దారుల్లో బండరాళ్లు విరిగిపడిన సంగతీ ఇక్కడి వారెవరూ మరిచిపోయి ఉండరు. అందుకే కారు టైర్లను సెప్టెంబరులోనే ఒకసారి శ్రద్ధగా చూసుకోవాలి. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్ల వారికి ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే వారిలో చాలామంది డ్యాష్‌బోర్డు మీద మైలేజీ అంకె బాగున్నంత కాలం టైర్లు కూడా బాగున్నట్టే లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు.

ముందుగా గాలి సంగతి. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పట్టించిన టైరులో, నవంబరు ఉదయం ఇరవై డిగ్రీల చలికి ఒక్క చుక్క గాలి బయటికి పోకపోయినా దాదాపు 29 మాత్రమే చూపిస్తుంది. దీనికి తోడు టైరు రబ్బరు గుండా నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ సహజంగానే తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, ఎండాకాలం తరువాత బంకు వైపు చూడని బండిలో వానలు మొదలయ్యే నాటికి గాలి 24 దగ్గరికి దిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గినప్పుడు ఇంధన పొదుపు 0.2 శాతం మేర పడిపోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం చెబుతోంది. ఆ ప్రకారం ఎనిమిది పీఎస్‌ఐ తగ్గినా నష్టం 1.6 శాతమే. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు ఇచ్చే హైబ్రిడ్‌లో అది అర కిలోమీటరు కూడా కాదు. ట్రాఫిక్‌లో, ఏసీ వాడకంలో వచ్చే హెచ్చుతగ్గుల మధ్య అంత చిన్న తేడాను ఎవరు పట్టుకోగలరు? అదే సమయంలో గాలి తగ్గిన టైరు అంచులు వేడెక్కి అరుగుతాయి, నీళ్లు నిలిచిన రోడ్డు మీద తక్కువ వేగానికే టైరు నీటిపై తేలి జారుతుంది.

గాలిని ఉదయం బండి కదలకముందు, లేదా కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చెబుతుంది. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దానికి కొలమానం కాదు. కొండ ఎక్కి వచ్చాక వేడి టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కనబడిందని గాలి తీసేయకూడదు. మైలేజీ కోసం అదనంగా కొట్టించడం ఇంకొక అలవాటు, దానివల్ల టైరు నడిమి భాగమే నేలకు ఆని తడి రోడ్డుపై పట్టు తగ్గుతుంది. నైట్రోజన్ నింపితే మైలేజీ పెరుగుతుందన్న మాటకు పెద్దగా విలువ ఇవ్వనక్కరలేదు, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది.

అసలు మోసం అరుగుదలలో ఉంది. కొత్త టైరులో గాడుల లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది, దొర్లేటప్పుడు మందమైన ఆ రబ్బరు నలిగి కొంత శక్తిని తినేస్తుంది. అరిగే కొద్దీ ఆ నష్టం తగ్గుతుంది కనుక, గుండు కావడానికి దగ్గరపడిన టైరు మీదనే కారు అందరూ మెచ్చుకునే మైలేజీ ఇస్తుంది. కొత్త టైర్లు వేయించిన వెంటనే అంకె కాస్త పడిపోవడం, యజమాని షాపువాడితో గొడవకు దిగడం కూడా ఇందుకే! చట్టం కార్లకు 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది, గాడి అడుగున అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు దిమ్మలు ఆ హద్దును చూపుతాయి. వానాకాలానికి మాత్రం ఆ హద్దు దాకా ఆగడం సరికాదు. మూడు మిల్లీమీటర్లకు దిగిన టైరును వానలు రాకముందే మార్చడం మంచిది.

హైబ్రిడ్‌లో వేగాన్ని చాలావరకు మోటారే తగ్గించి, ఆ శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, టైర్లు కూడా అలాగే వస్తాయనుకోకూడదు. బ్యాటరీలోకి కరెంటు పంపే బ్రేకింగ్ శక్తి కూడా టైరు గుండానే పోతుంది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ వంటి, ముందు చక్రాలతో నడిచే కార్లలో లాగడమూ, ఆ బ్రేకింగూ ముందు టైర్ల మీదే పడతాయి, మోటారు ఒక్కసారిగా ఇచ్చే లాగుడు, బ్యాటరీ బరువు దీనికి తోడవుతాయి. అందుచేత సుమారు పది వేల కిలోమీటర్లకొకసారి ముందువి వెనక్కి మార్పించి, అప్పుడే అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉన్నాయా అన్నది) చూపించాలి. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ లోపం, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ.

తిరుమల నుంచి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మరొక విషయం గుర్తుంచుకోవాలి. కొద్ది కిలోమీటర్లు దిగేసరికే బ్యాటరీ నిండిపోతుంది, ఆపై అది కరెంటు తీసుకోదు, కారును ఆపే భారం ఇంజనుకూ, మామూలు బ్రేకులకూ మారుతుంది. కొన్ని టొయోటా హైబ్రిడ్‌లలో గేరు లివరు దగ్గర, ఇంజనుతో వేగాన్ని అదుపు చేసే 'బి' స్థానం ఇలాంటి దిగుడుకే ఉంది. తడి మలుపులో బ్రేకు గట్టిగా తొక్కితే ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గాని, గుండు టైరుకు లేని పట్టును తెచ్చిపెట్టలేదు. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. భాకరాపేట ఘాట్‌కూ, చిత్తూరు–పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌కూ ఇదే వర్తిస్తుంది.

స్టెప్నీలో గాలి చూడటం మరవకండి. స్టెప్నీ లేకుండా పంక్చర్ కిట్ మాత్రమే ఇచ్చిన కారైతే, అందులోని సీలెంట్ (రంధ్రాన్ని పూడ్చే ద్రవం) సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటి ఉంటే వానలకు ముందే కొత్తది తెప్పించుకోవాలి.