వేలానికి పెట్టే క్రిస్మస్ చెట్టును మన జిల్లాల సరుకుతో అలంకరించే పద్ధతి

సేవా కార్యక్రమానికి డబ్బు సమకూర్చడం కోసం అలంకరించిన క్రిస్మస్ చెట్లను వేలం వేసే పద్ధతి అమెరికా, కెనడాలలో చాలా ఊళ్లలో ఉంది. ఒక్కో బృందం ఒక్కో థీమ్ తీసుకుని చెట్టును సిద్ధం చేస్తుంది, ఊరివాళ్లు చూసి వేలంపాట పాడుకుంటారు, వచ్చిన డబ్బు ఆస్పత్రికో పిల్లల వసతి గృహానికో చేరుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల క్రైస్తవ సంఘాలకు ఇందులో వేలం భాగం కొత్తేమీ కాదు. కోత పండుగనాడు కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం బస్తాలు చర్చి ఆవరణలోనే వేలం వేయడం చాలా చోట్ల ఏళ్లుగా నడుస్తున్నదే. అయితే కోడి ధర అందరికీ తెలుసు కాబట్టి దానికి మించి పాడినదంతా కానుక అని పాటదారుకు తెలుస్తుంది. అలంకరించిన చెట్టుకు అలాంటి ధర ఉండదు, చూసి మనసు పడితేనే పాట పెరుగుతుంది. దుకాణంలో దొరికే ఎర్ర బంతులు, మెరుపు దండలు వేలాడదీసిన చెట్టు అతని ఇంట్లోనూ ఉంటుంది గనుక దానికోసం అతను చెయ్యి ఎత్తడు. ఇక్కడి చేతిపనితో, ఇక్కడి చేలలో పండినవాటితో చేసిన చెట్టు మాత్రం డబ్బు పెట్టినా ఇంకెక్కడా దొరకదు. అందుకే థీమ్‌ను మన జిల్లాలలోనే వెతుక్కోవాలని గట్టిగా చెబుతాను.

థీమ్ ఎంత చిన్నదైతే చెట్టు అంత స్పష్టంగా కుదురుతుంది. ‘తెలంగాణ చేనేత’ అని పెట్టుకుంటే పోచంపల్లి, గద్వాల, నారాయణపేట బట్టలు మూడూ ఒకే చెట్టు మీద పోటీపడి, దూరం నుంచి రంగురంగుల గుడ్డపేలికల గుత్తిలా కనిపిస్తుంది. దానికి బదులు ‘పుట్టపాక తేలియా రుమాలు’ అని పెట్టుకుంటే ఎరుపు, నలుపు, తెలుపు అనే మూడు రంగులు, గళ్లు, సన్నని రేఖలు అన్నీ మనకు సిద్ధంగా దొరుకుతాయి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి నేసే ఈ బట్టకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా, 2016 దాకా అది నల్లగొండ జిల్లా ఊరే. రంగులు మూడింటికి మించకుండా, ముఖ్యమైన వస్తువు ఒక్కటే ఉండేలా చూసుకుంటే మిగతా నిర్ణయాలు సులువవుతాయి.

చెట్టు విషయానికొస్తే, మన ఊళ్లలో అలవాటుగా తెచ్చే సర్వి కొమ్మ వేలానికి పనికిరాదు. కోసిన కొద్ది రోజులకే ఎండి రాలిపోతుంది, పాడుకున్నవాళ్లకు పండుగ నాటికి పుల్లలు మిగులుతాయి. నర్సరీలో కుండీతో దొరికే అరౌకేరియా మొక్క అందంగానే ఉంటుంది, కానీ దాని కొమ్మలు ఎడంగా, సన్నగా ఉంటాయి కాబట్టి కాగితపు నక్షత్రాల వంటి తేలికైనవే మోస్తుంది. పైగా నల్లగొండ ఎండాకాలంలో దాన్ని నీడలో కాపాడుకోవాల్సిన బాధ్యత కొన్నవారి మీద పడుతుంది. నాలుగు లేదా అయిదు అడుగుల ప్లాస్టిక్ చెట్టు అన్నివిధాలా నమ్మకమైనది. అది మామూలు తలుపులోంచి నిలబెట్టినట్టే పోతుంది, ఆటోలో పడుతుంది, ఇంట్లో టీవీ పక్కన ఇముడుతుంది. దీనికన్నా నాకు ఇష్టమైన దారి ఇంకొకటి ఉంది. మేదరివారికి చెప్పి, కింద వెడల్పుగా, పైన మొనదేలినట్టు వెదురుబద్దలతో చట్రం అల్లించుకుంటే, కొమ్మలు లేకుండానే చెట్టు ఆకారం వస్తుంది, వస్తువులన్నీ అల్లిక సందుల్లోనే కట్టుకోవచ్చు, ఆ అల్లిక కూడా థీమ్‌లో భాగమవుతుంది.

పోచంపల్లి థీమ్ తీసుకుంటే ఇక్కత్ బట్ట, అంటే నూలుకే ముందుగా రంగులద్ది నేసిన బట్ట, చుట్టిన బంతులు చేసుకోవాలి. వీటి తయారీకి కొంచెం ఓపిక కావాలి, చెట్టు విలువంతా దాదాపు వీటిలోనే ఉంటుంది. జాకెట్లు కుట్టే దర్జీల దగ్గర పోచంపల్లి బట్ట కత్తిరింపులు దొరుకుతాయి. ఆరు అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు ఉన్న ముక్కలు చాలు. మూడు అంగుళాల థర్మోకోల్ బంతి మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీతలు గీసి, బత్తాయి తొనల్లా ఆరు సమాన భాగాలు చేయాలి. ఆ గీతల వెంట సన్నని కత్తితో అర సెంటీమీటరు లోతున గాటు పెట్టాలి. బట్టను నేతకు ఏటవాలుగా కత్తిరిస్తే అది కొంచెం సాగి, బంతి వంపు మీద ముడత లేకుండా కూర్చుంటుంది. నేత వెంట నిలువుగా కత్తిరించినది ఎంత లాగినా అంచుల దగ్గర మడత పడుతుంది. ముక్కను తొన మీద పరిచి, ఇక్కత్ పువ్వు లేదా వజ్రపు గడి సరిగ్గా నడిమికి వచ్చేలా సర్దుకుని, అంచులను మొద్దుబారిన కత్తి మొనతో గాటులోకి నొక్కి, మిగిలినది కత్తిరించాలి. పక్క తొన ముక్క అంచు కూడా అదే గాటులోకి పోతుంది కాబట్టి జిగురు అవసరమే రాదు. చివరగా గాట్ల మీద సన్నని జరీ దారం అద్దితే అతుకు కనబడదు. ఆ దారానికి, పైన గుచ్చే వేలాడదీత తీగకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురే వాడాలి. చెప్పులకు, రెగ్జిన్‌కు వాడే ఘాటైన జిగురు థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది, నేసినది రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది కనుక ముక్కలను తిప్పి చూసి ఏరుకోవాలి. ఇలాంటి బంతులు పెద్దవీ చిన్నవీ కలిపి చెట్టు ఎత్తులో అడుగుకు పది పన్నెండు చొప్పున సరిపోతాయి. వాటి మధ్య నేతగాళ్లు పక్కన పడేసిన ఖాళీ కండెలు (నూలు చుట్టే గొట్టాలు) రంగు దారం చుట్టి వేలాడదీస్తే, మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ నడిపే పాత చెక్క నాడె ఒకటి కనిపించేలా కడితే, చెట్టు ఎక్కడిదో చెప్పనక్కర్లేదు.

గద్వాల చెట్టుకు అలంకారమంతా అంచులోనే ఉంది. చిరిగి, కట్టుకోవడానికి పనికిరాని పాత చీరలను దానంగా అడిగి తీసుకుని, జరీ అంచులను మాత్రం విప్పి రిబ్బనుగా చుట్టాలి. చెట్టు ఎత్తులో ప్రతి అడుగుకూ తొమ్మిది అడుగుల రిబ్బను పడుతుందని లెక్క వేసుకోవచ్చు. అయిదున్నర మీటర్ల చీరకు రెండు అంచులు కలిపితే దాదాపు 36 అడుగులు వస్తుంది కాబట్టి నాలుగడుగుల చెట్టుకు ఒక్క చీర చాలు. బాగున్న చీరను మాత్రం దీనికోసం కోయకూడదు. దాన్ని నేసిన చేతుల పట్ల అది మర్యాద కాదు.

పాలమూరు థీమ్‌కు సరుకు చేలల్లోనే దొరుకుతుంది, కాకపోతే ముందుచూపు కావాలి. దసరా రోజుల్లో పూసే, బతుకమ్మలో పేర్చే గునుగు పూలను కోసి, చిన్న కట్టలుగా నీడలో తలకిందులుగా వేలాడదీస్తే డిసెంబరు నాటికి ఆకారం చెడకుండా ఎండుతుంది. దాన్ని ఒక పువ్వుగా వాడుకోవాలి తప్ప, బతుకమ్మ పేర్పును చెట్టు మీదికి తేవడం సబబు కాదని నా అభిప్రాయం. జొన్న కంకులు, వరి కంకుల కుచ్చులు బాగా ఎండబెట్టి, చీమలూ ఎలుకలూ తగలని చోట దాచాలి. సీతాఫలం గింజలు కడిగి ఆరబెడితే నల్లగా నిగనిగలాడతాయి, బంతి మీద వరుసగా అతికిస్తే మంచి అందం వస్తుంది. వాటిని పగలగొట్టడం, తొలవడం మాత్రం వద్దు, ఎందుకంటే ఆ పొడి కంట్లో పడితే చాలా హాని చేస్తుంది.

ఏ చెట్టుకైనా మొదట కొమ్మలను ఒక్కొక్కటిగా విప్పి, ఖాళీలు లేకుండా సర్దాలి. తర్వాత దీపాలు, ఆ తర్వాత రిబ్బను, పిమ్మట పెద్ద బంతులు కాండానికి దగ్గరగా లోపలికి, చిన్నవి కొసలకు కట్టాలి. దీపాలు ఎత్తులో అడుగుకు వంద చొప్పున, లేత పసుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీవి తీసుకోవాలి. తెల్లని చల్లని వెలుగులో నేత ఎరుపు వెలవెలబోతుంది. ఎండుగడ్డి, కంకులు ఉన్న చెట్టు మీద వేడెక్కే పాత బల్బులు, అతుకులు వేసిన వైర్లు వాడనే కూడదు. వేలం హాలులో జనం చుట్టూ తిరుగుతారు కాబట్టి వెనకవైపు కూడా ముందువైపులాగే నింపాలి. చెట్టు అడుగున జొన్న చొప్ప కప్పిన చిన్న పశువుల పాక పెడితే, పండుగ దేనికోసమో ఆ చెట్టు మీది బట్టా పంటా మధ్య మరుగున పడకుండా ఉంటుంది. ప్రతి వస్తువునూ సన్నని తీగతో కొమ్మకు తిప్పి కట్టి, చెట్టును ఒకసారి గట్టిగా ఊపి చూడాలి. ఆ ఊపుకు రాలినది ఆటో కుదుపుకు రాలుతుంది.

చెట్టు పక్కన పెట్టే చీటీలో థీమ్ పేరు, ఏ బట్ట ఎక్కడిది, ఎవరు చేశారు, డబ్బు దేనికి పోతుందో రాయాలి. ‘సేవకు’ అని కాకుండా ‘బాలికల వసతి గృహానికి దుప్పట్లకు’ అని రాస్తే పాటదారు తన డబ్బు ఎక్కడికి పోతుందో కళ్లారా చూస్తాడు. వేలం నడిపేవారు చదవడానికి ఒక విషయం కూడా ఇవ్వాలి. ఉదాహరణకు పోచంపల్లి చెట్టుకైతే, ఆసు పోయడంలో (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడంలో) ఆడవాళ్ల చేతి నొప్పిని తగ్గించేందుకు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గురించి రెండు వాక్యాలు చాలు. వేలాన్ని డిసెంబరు మొదటి వారాల్లో, పండుగకు ముందు జరిగే సెమీ క్రిస్మస్ కూడికతో కలిపి పెట్టుకుంటే జనం ఎలాగూ వస్తారు, కొన్నవారికి చెట్టు పండుగదాకా ఇంట్లో ఉంటుంది. పాట మొదలు ధర సరుకు ఖర్చుకు తగ్గకూడదు, దానంగా వచ్చిన సరుకుకూ విలువ కట్టి లెక్కలో రాయాలి. అన్నిటికన్నా మంచి చెట్టును మొదటే వేలానికి తేకుండా, ఒకటి రెండు పాటలు నడిచి జనంలో ఊపు వచ్చాక తేవాలి. చెయ్యెత్తడానికి మొహమాటపడేవారు ఉంటారు కాబట్టి, కొన్ని చెట్లకు సాయంత్రం దాకా ధర రాసి వేసే చీటీల పెట్టె పెట్టడం మేలు.

పాడుకున్నవారి ఇంటికి చెట్టును బృందంలోని ఇద్దరు స్వయంగా చేర్చి, నిలబెట్టి, దీపాలు వెలిగించి చూపాలి. వెంట రెండు మూడు అదనపు బంతులు, తీగ చుట్ట, దాచే పద్ధతి రాసిన కాగితం ఇవ్వాలి. జరీ అంచులను తెల్ల నూలు గుడ్డలో చుట్టాలనీ, కలరా ఉండలు వాటికి తగలనివ్వకూడదనీ, కంకులు మాత్రం ఏటా కొత్తవి కట్టుకోవాలనీ ఆ కాగితంలో ఉండాలి.