బాన్ వాతావరణ సమావేశాలకి వస్తున్నారా? మెడలోని బ్యాడ్జీ ఎంతవరకు కాపాడుతుందో ముందే తెలుసుకోండి

జర్మనీలోని బాన్‌లో ఏటా జూన్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశాలు జరుగుతాయి. అందుకే మే నెల చివరికి వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జూన్‌లో బాన్ వస్తున్నా. రూమ్ ఎక్కడ దొరుకుతుంది? సోనా మసూరి దొరుకుతుందా? ట్రామ్ పాస్ ఎంత?" వీటన్నిటికీ సమాధానాలు తేలిక. కానీ అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది మాత్రం దాదాపు ఎవరూ అడగరు: "నేను ఏ హోదాలో వస్తున్నాను? ఏదైనా తేడా వస్తే ఆ హోదా నన్ను ఎంతవరకు కాపాడుతుంది?" ఈసారి వచ్చేవాళ్ళు ఇది చదివి, విమానం ఎక్కేలోపే ఆ సంగతి తేల్చుకుంటారని రాస్తున్నాను.

బాన్ ఒకప్పుడు పశ్చిమ జర్మనీ రాజధాని. 1999లో పార్లమెంటు బెర్లిన్‌కి వెళ్ళిపోయింది. రైన్ నది ఒడ్డున ఎంపీల ఆఫీసులుండే ఎత్తైన భవనం ఇప్పుడు ఐక్యరాజ్యసమితి చేతిలో ఉంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని 'లాంగర్ ఓయ్‌గన్' అంటారు, అంటే పొడుగు ఓయ్‌గన్ (ఓయ్‌గన్ అనేది ఒక మనిషి పేరు). వాతావరణ మార్పుల ఒప్పందం సచివాలయం 1996 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. ఎడారీకరణ ఒప్పందం సచివాలయం కూడా ఇక్కడే. జూన్ సమావేశాలు పక్కనే ఉన్న వరల్డ్ కాన్ఫరెన్స్ సెంటర్‌లో జరుగుతాయి.

మనవాళ్ళు ఇక్కడికి నాలుగు రకాలుగా వస్తారు. ప్రభుత్వ బృందంలో డెలిగేట్‌గా కొందరు, సచివాలయంలో ఉద్యోగానికి కొందరు, ఇంటర్న్‌గానో కన్సల్టెంట్‌గానో కొందరు, స్వచ్ఛంద సంస్థ లేదా యూనివర్సిటీ తరఫున పరిశీలకులుగా ఇంకొందరు. అందరూ ఒకే గేటు దగ్గర క్యూలో నిలబడతారు, అందరి మెడలోనూ బ్యాడ్జీ ఉంటుంది. చట్టం మాత్రం ఈ నలుగురినీ నాలుగు రకాలుగా చూస్తుంది.

దీనికి మూలం 1946లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యేక హక్కులు, మినహాయింపుల ఒప్పందం. దాని ప్రకారం సభ్యదేశాల ప్రతినిధులను ఆతిథ్య దేశం అరెస్టు చేయకూడదు, నిర్బంధించకూడదు. వాళ్ళ కాగితాలు ముట్టుకోకూడదు. ప్రతినిధి హోదాలో అన్న మాటకి, రాసిన రాతకి, చేసిన పనికి కోర్టుకి లాగకూడదు. పదవి అయిపోయినా ఆ మాటలకు రక్షణ పోదు. ప్రతినిధులంటే బృంద నాయకులే కాదు, సలహాదారులు, సాంకేతిక నిపుణులు, బృందం కార్యదర్శులు కూడా. సచివాలయం ఉద్యోగులకు రక్షణ ఇంతకంటే తక్కువ. ఆఫీసు పనిలో భాగంగా అన్నవాటికి, చేసినవాటికి మాత్రమే అది వర్తిస్తుంది. ఇంటర్న్‌లు ఉద్యోగుల లెక్కలోకి రారు. కన్సల్టెంట్ల సంగతి కాంట్రాక్టు కాగితంలో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ పేరా రెండుసార్లు చదవండి.

పరిశీలకుల పేరు 1946 ఒప్పందంలో లేదు. వాళ్ళకి ఆసరా ఆతిథ్య ఒప్పందం. ఐక్యరాజ్యసమితి సమావేశం ఎక్కడ పెట్టినా ఆ దేశంతో అలాంటి ఒప్పందం రాసుకుంటారు. 2012 అక్టోబరులో మన హైదరాబాద్ హెచ్ఐసీసీలో జీవవైవిధ్య సదస్సు జరిగిందే, అలాంటి సదస్సులన్నిటికీ ఇదే పద్ధతి. సమావేశంలో పాల్గొనేవారు అందులో భాగంగా అన్న మాటలకు, చేసిన పనులకు ఆతిథ్య దేశంలో కేసులు ఉండవని ఆ ఒప్పందాల్లో సాధారణంగా రాస్తారు. ఆ మాట ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ తెలుసుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం ఉత్తరాంధ్ర తీరం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మత్స్యకారుల కుటుంబం. వాళ్ళ ఊరి దగ్గర సముద్రంలోకి వదిలే నీళ్ళ గురించి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం దొరికింది. ముందురోజు రాత్రి మా వంటింట్లో కూర్చుని కాగితం నా ముందు పెట్టింది. ఫ్యాక్టరీ పేరు దగ్గర పెన్నుతో ఎన్నిసార్లు గీత గీసిందో, కాగితం అక్కడ చిరిగిపోయింది. "అక్కా, ఇక్కడ ఈ పేరు చదివితే ఊళ్ళో నాన్న మీద కేసు పెడతారా?" అని అడిగింది.

ధైర్యం చెప్పి పంపించడం సులువే, కానీ అది మోసమవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ హాల్లో నువ్వు మాట్లాడిన మాటకి జర్మనీలో నిన్ను ఎవరూ కోర్టుకి లాగలేరు. కానీ ఆతిథ్య ఒప్పందం ఐక్యరాజ్యసమితికీ జర్మనీకీ మధ్య రాసుకున్నది. అది మన ఊరి పోలీస్ స్టేషన్‌ని కట్టిపడేయదు. ప్రభుత్వ డెలిగేట్లకు కూడా సొంత దేశం దగ్గర ఈ రక్షణ చెల్లదని 1946 ఒప్పందం 15వ సెక్షన్ తేల్చి చెబుతుంది. ఆ అమ్మాయి ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, వాళ్ళ సంస్థ లాయర్‌తో ఒక్కో వాక్యం చూసుకుంది. ఆధారం ఉన్నవన్నీ ఉంచి, ఎవరో చెప్పగా విన్న ఒక్క వాక్యం కొట్టేసింది. మర్నాడు పేరుతో సహా చదివింది. వెనక వరసలో కూర్చున్న నాకు అరచేతులు చల్లబడ్డాయి. ఆమె గొంతు మాత్రం వణకలేదు.

మీరూ అలాగే చేయండి. ఊరు దాటకముందే లాయర్‌తో మాట్లాడండి, పరీక్షల రిపోర్టుల కాపీలు దగ్గర పెట్టుకోండి. హాల్లో చదివిందీ, రాత్రి హోటల్ గదిలోంచి పెట్టిన వీడియోలో అన్నదీ ఒకటే అనుకోవద్దు. రెండోది సమావేశంలో భాగమేనని నిరూపించడం కష్టం.

సొంత దేశంలో కూడా నిలిచిన రక్షణ ఒకటుంది. మలేసియాకు చెందిన పరమ్ కుమారస్వామి అప్పట్లో న్యాయవ్యవస్థ స్వతంత్రతపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా ఉండేవారు. 1995లో ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ మీద మలేసియా కంపెనీలు ఆయనపై పరువునష్టం దావాలు వేశాయి. ఆయన 'మిషన్‌పై ఉన్న నిపుణుడు', అంటే ఐక్యరాజ్యసమితి అప్పగించిన పని మీద ఉన్న నిపుణుడు, ఆ మాటలకు రక్షణ ఉందని అంతర్జాతీయ న్యాయస్థానం 1999లో చెప్పింది. ఏళ్ళ తరబడి టెన్షన్ తర్వాత వచ్చిన మాట అది. అందుకే ఎవరైనా మిమ్మల్ని ఏదైనా కమిటీలో కూర్చోమంటే, "నేను ఏ హోదాలో కూర్చుంటున్నాను?" అని రాతపూర్వకంగా అడగండి. కర్బన ఉద్గారాలు తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న క్యోటో ప్రోటోకాల్ కింద ఏర్పడిన బోర్డుల్లో సభ్యులు దేశాల ప్రతినిధులుగా కాక వ్యక్తులుగా కూర్చుని, కంపెనీల ప్రాజెక్టుల మీద నిర్ణయాలు తీసుకునేవారు. వాళ్ళకు ఏ రక్షణ ఉంటుందన్నది 2006 నైరోబీ సమావేశంలో దేశాలన్నీ కూర్చుని చర్చించాల్సిన సమస్య అయింది.

ఇక గేటు బయటి సంగతి. ఒక కుర్రాడు టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కి, ఇన్‌స్పెక్టర్‌కి బ్యాడ్జీ చూపించాడు. అరవై యూరోలు కట్టాడు. ఆ ఏడాది బ్యాడ్జీతో పాటు ప్రయాణ టికెట్ ఇస్తున్నారో లేదో రిజిస్ట్రేషన్ దగ్గరే అడగండి. ఉద్యోగులకైనా సొంత కారుతో సరదాగా వెళ్ళినప్పుడు జరిగే యాక్సిడెంట్ ఆఫీసు పని కాదు. పైగా ఈ రక్షణ మన సొంతం కాదు. న్యాయానికి అడ్డొస్తోందనుకుంటే డెలిగేట్ విషయంలో ఆ దేశం, ఉద్యోగి విషయంలో సెక్రటరీ జనరల్ దాన్ని ఎత్తేయవచ్చు. ఎత్తేయడం వాళ్ళ బాధ్యత అని కూడా ఒప్పందంలో ఉంది.

నిరసనల విషయంలో చాలా జాగ్రత్త. లోపల ప్లకార్డు పట్టుకోవాలన్నా సచివాలయం అనుమతి కావాలి. లేకపోతే బ్యాడ్జీ లాగేసుకుంటారు. బయట రోడ్డు మీద జర్మన్ చట్టం వర్తిస్తుంది, నిర్వాహకులు పోలీసులకు ముందే తెలియజేయాలి. చెప్పారో లేదో కనుక్కున్నాకే వెళ్ళండి.

సామాన్ల గురించి. ఉద్యోగంలో చేరడానికి మొదటిసారి వచ్చేవారు ఇంటి సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, గ్రైండరైనా మంచమైనా. తిండి వేరు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. ఆవకాయ తెచ్చుకోండి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. దౌత్యవేత్తల సొంత సామాను తనిఖీ చేయకూడదని చెప్పే 1961 వియన్నా ఒప్పందంలో కూడా, క్వారంటైన్ నిబంధనలకు లోబడ్డ వస్తువులున్నాయని గట్టి అనుమానం వస్తే తనిఖీ చేయవచ్చని ఉంది.

ఉద్యోగులకు జర్మన్ విదేశాంగ శాఖ ప్రొటోకాల్ కార్డు అనే గుర్తింపు కార్డు ఇస్తుంది, దాని పని మీ ఆఫీసు వాళ్ళే చూస్తారు. ఇంటర్న్‌లు, కన్సల్టెంట్లు మాత్రం ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. తాళాలు తీసుకునే రోజే అది అడిగి తీసుకోండి. తర్వాత వాళ్ళ చుట్టూ తిరగడం నరకం.

పోలీసులు ఆపితే గొంతు పెంచకండి. పాస్‌పోర్టు, కార్డు ఉంటే కార్డు చూపించి, ఏ హోదాలో వచ్చారో ఒక్క వాక్యంలో చెప్పండి. డెలిగేట్లు బృంద నాయకుడికి, ఉద్యోగులు సచివాలయం సెక్యూరిటీకి, పరిశీలకులు తమ సంస్థ బాధ్యులకి వెంటనే ఫోన్ చేయాలి. మన భారతీయులకి దగ్గరి కాన్సులేట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. ఈ నంబర్లన్నీ ఒక చీటీ మీద రాసి బ్యాడ్జీ వెనక పెట్టుకోండి. సరిగ్గా అవసరమైనప్పుడే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది. ఇక్కడ పోలీసులకి 110, అంబులెన్స్‌కి 112.