మానిటర్లు వరసగా పోతుంటే ఒకసారి న్యూట్రల్ వైరు చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. ఉన్నట్టుండి మానిటర్ పవర్ లైటు ఆరిపోవడం, బాగు చేయించి తెస్తే కొద్ది వారాలకే మళ్లీ అదే కథ. కేబుల్, స్పైక్ బస్టర్, పవర్ బోర్డులో కెపాసిటర్లు, ఆఖరికి కొత్త మానిటర్... ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. మల్టీమీటర్‌ని ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి, మానిటర్ ప్లగ్గు పెట్టే సాకెట్‌లోనే కొలిచాను. 230 దగ్గర ఉంది. బాత్రూంలో గీజర్ వేయగానే 270 దాటింది! లోడు పడితే తగ్గాల్సిన వోల్టేజీ పెరిగిందంటే, మాలాంటి త్రీఫేజ్ (మూడు కరెంటు లైన్లు వచ్చే) ఇంట్లో ముందు అనుమానించాల్సింది కరెంటు తిరిగి వెళ్లే వైరైన న్యూట్రల్‌నే. కంప్యూటర్ ప్లగ్గులు పీకేసి ఎలక్ట్రీషియన్ని పిలిచాను. మెయిన్ ఆపి బోర్డు తెరిస్తే న్యూట్రల్ లింక్ (ఆ వైర్లన్నీ కలిసే పట్టీ) స్క్రూ వదులుగా ఉంది, వైరు కొస నల్లగా మాడి పెళుసుబారింది. మాడిన ముక్క కత్తిరించి, మెరిసే రాగి కనపడేదాకా తొడుగు ఒలిచి, కొత్త లగ్ (వైరు కొసకు వేసే లోహపు ముక్క) వేసి బిగించాడు. లింక్ కూడా మార్పించాను. మళ్లీ గీజర్ వేసి కొలిస్తే అంకె పెద్దగా కదల్లేదు.

వేసవి దాటింది, ఇప్పటికైతే టెన్షన్ లేదు. అందరికీ ఇదే కారణమని చెప్పలేను. సింగిల్ ఫేజ్ ఇంట్లో న్యూట్రల్ వదులైతే వోల్టేజీ పెరగదు, పడిపోతుంది. రీడింగ్ నిలకడగా ఉంటే లోపం మానిటర్‌లోనే వెతకండి. బోర్డు మాత్రం మీరే తెరవకండి.