ఒక కణాన్ని దాని ప్రవర్తనను బట్టి గుర్తించడం ఎలా?

ఎలక్ట్రాన్ దేనితో తయారైందని అడిగితే భౌతికశాస్త్రం వద్ద జవాబు లేదు. దాని ఆవేశమెంత, ద్రవ్యరాశి ఎంత, అయస్కాంత క్షేత్రంలో అది ఎలా వంగుతుంది అని అడిగితే మాత్రం ఎన్నో దశాంశ స్థానాల వరకు చెబుతుంది. కాబట్టి "ఇది ఏమిటి?" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, "ఇక్కడ ఇది ఏం చేసింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఈ పద్ధతి పట్టుబడాలంటే 1932 ఆగస్టు 2న అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త కార్ల్ ఆండర్సన్ తీసిన ఒక కణపు జాడ ఫొటోను ఎదురుగా పెట్టుకోవడం కంటే మంచి మార్గం నాకు కనిపించదు.

ముందుగా ఫొటోలో ఉన్నదేమిటో సరిగా చూడండి. అక్కడ కణం లేదు, సన్నని బిందువుల వరుస ఉంది. క్లౌడ్ చాంబర్‌లో, అంటే ఆవిరి నిండిన పెట్టెలో, ఆవేశమున్న కణం తన దారి పొడవునా అయాన్లను (ఆవేశం పొందిన అణువులను) మిగిల్చి వెళ్తుంది, వాటి మీద ఆవిరి బిందువులుగా కడుతుంది. న్యూట్రాన్ వంటి ఆవేశం లేని కణం అదే దారిన వెళ్లినా తనంతట తాను గీత గీయదు.

తరువాత వంపును చూడండి. అయస్కాంత క్షేత్రంలో గీత ఎంత తక్కువ వంగితే కణం ద్రవ్యవేగం (మొమెంటం) అంత ఎక్కువ. ఆవేశం ధనమా, ఋణమా అన్నది వంపు ఎటు తిరిగిందో చెబుతుంది గానీ, ఇక్కడే తొందరపడకూడదు: పైనుంచి కిందికి వచ్చే ఋణావేశ కణమూ, కిందినుంచి పైకి వెళ్లే ధనావేశ కణమూ ఒకే వంపును గీస్తాయి.

ఈ సందేహం తీర్చడానికే ఆండర్సన్ చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల మందమున్న సీసపు పలకను అమర్చారు. సీసాన్ని దాటిన కణం శక్తిని కోల్పోతుంది కనుక, ఆ తరువాత మరింత వంగాలి. ఫొటోలో పలకకు పైభాగాన వంపు ఎక్కువగా ఉంది. అంటే కణం కిందినుంచి పైకి వెళ్లింది, దాని ఆవేశం ధనం. ఇంత చిన్న ఏర్పాటు ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ధనావేశం అనగానే ప్రోటాన్ అనేయకుండా, గీత పొడవును కూడా అడగండి. పైభాగంలో ఉన్నంత వంపు గల ప్రోటాన్ చాలా నెమ్మదైనది, త్వరగా ఆగిపోవాలి. ఫొటోలోని గీత అలాంటి ప్రోటాన్ వెళ్లగలిగే దూరానికి కనీసం పది రెట్లు సాగింది. ఎలక్ట్రాన్‌లా తేలికగా, కానీ ధనావేశంతో మెలిగిన ఆ కణానికే పాజిట్రాన్ అని పేరు పెట్టారు. లోపల ఏముందో ఎవరూ తెరిచి చూడలేదు.

ఇక ఇవే ప్రశ్నలను మ్యూయాన్ అనే మరో కణం మీద ప్రయోగించండి. దాని ఆవేశం ఎలక్ట్రాన్‌దే. అయినా ఎలక్ట్రాన్‌ను ఆపేసే సీసాన్ని అది దాటిపోతుంది, సగటున 2.2 మైక్రోసెకన్లకు క్షీణిస్తుంది. ఏ పరీక్ష దగ్గర ఈ రెండూ విడిపోయాయో, పేరు రాసే ముందు నోట్‌బుక్‌లో రాసుకోండి.