తొలి లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్: కోర్సు (పోటీ మార్గం) ఎంచుకునే ముందు జాగ్రత్తలు

ఈత, సైక్లింగ్, పరుగు ఒకదాని వెంట ఒకటి సాగే ఈ పోటీకి ప్రవేశ రుసుము చెల్లించే ముందే దూరాన్ని తేల్చుకోవాలి. పూర్తి దూరమంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, 42.2 కిలోమీటర్ల పరుగు. మొదటిసారికి ఇందులో సగమే చాలునని నా అభిప్రాయం.

ఈత ఏ నీటిలోనో అన్నిటికన్నా ముందు చూడాలి. కర్నూలులో 25 మీటర్ల కొలనులో సాధన చేసేవారికి ప్రతి మలుపులోనూ గోడను తన్ని ముందుకు సాగే వీలుంటుంది గాని, సముద్రంలో ఆ ఆసరా ఉండదు సరికదా, అడుగున గీత కనిపించదు గనుక అలల మధ్య తలెత్తి దిశ చూసుకుంటూ ఈదవలసి వస్తుంది. అందుచేత నిలకడ నీరున్న కోర్సు మేలు. అలాగని సాధన పేరుతో కె.సి. కాలువలోకి ఒంటరిగా దిగరాదు.

సైకిలు మార్గంలో మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో తెలుసుకోవాలి. కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఒకసారి ఎక్కగలిగినంత మాత్రాన, 90 కిలోమీటర్లు తొక్కిన కాళ్లలో 21.1 కిలోమీటర్లు పరుగెత్తే సత్తువ మిగులుతుందని అనుకోరాదు.

అనంతపురం ఎండను తట్టుకున్నవారికి గోవా తీరంలో జరిగే పోటీ ఒక లెక్కా అనే ధీమా మనవాళ్లలో తరచూ వినిపిస్తుంది. ఇది పొరపాటు. మనది పొడి వేడి కావడంతో చెమట ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే తప్ప త్వరగా ఆరదు, వేగం తగ్గించుకోక తప్పదు.

ఈతకూ, సైక్లింగ్‌కూ విడివిడిగా ఎంత గడువు ఇస్తున్నారో నిబంధనల్లో చదివి, తమ సాధన సమయాలతో పోల్చుకోవాలి.