కాల్ వచ్చిన క్షణంలోనే ఫ్రీక్వెన్సీ: కాగితం మీద సాధన

బరంపురంలో ఇంజినీరింగ్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. మొబైల్ కాల్స్ వస్తున్న కొద్దీ, తర్వాత ఏవి వస్తాయో తెలియకుండానే వాటికి ఫ్రీక్వెన్సీలు పంచే ఈ పాఠం వచ్చేసరికి అందరూ సూత్రాల కోసం వెతుకుతారు. ముందు పెన్సిలు తీయండి.

జాతీయ రహదారి వెంట ఇచ్ఛాపురం, గిరిసోల, గొళంతర, బరంపురం అని వరుసగా నాలుగు గడులు గీయండి. ఒక్కో ఊరు ఒక్కో సెల్, అంటే ఒక టవరు పరిధి, అనుకుందాం. ఒకే సెల్‌లో గాని, పక్కపక్క సెల్‌లలో గాని రెండు కాల్స్‌కు ఒకే ఫ్రీక్వెన్సీ ఇవ్వకూడదు. మధ్యలో ఒక సెల్ ఉంటే ఇవ్వవచ్చు. ఈ పొదుపు ఊరికే కాదు: జీఎస్ఎం 900 అనే మొబైల్ పద్ధతిలో 25 మెగాహెర్ట్జ్‌ను 200 కిలోహెర్ట్జ్ చొప్పున పంచి, అంచున ఒక వాటా ఖాళీగా వదిలితే దక్కేది 124 వాహకాలే, అంటే కాల్స్‌ను మోసే ఫ్రీక్వెన్సీలే.

కాల్స్ జాబితాను స్నేహితుడి చేతిలో పెట్టి ఒక్కొక్కటే చదవమనండి. ఒక్కో కాల్‌కు ఒక ఫ్రీక్వెన్సీ నంబరు ఇవ్వాలి; ఇచ్చిన నంబరు మళ్లీ మార్చకూడదు. అత్యాశ పద్ధతిలో, అంటే గ్రీడీలో, తగువు రాని అతి చిన్న నంబరు ఇస్తాం. ఇచ్ఛాపురంలో కాల్: 1. బరంపురంలో కాల్: 1. గిరిసోల: 2. ఇప్పుడు గొళంతర. ఒక పక్క 2, మరో పక్క 1 ఉన్నాయి కాబట్టి 3 తప్పదు. జాబితా అంతా ముందే తెలిస్తే వరుసగా 1, 2, 1, 2 అని రెండింటితో సరిపెట్టేవాళ్లం. మనం వాడినవి మూడు, నిజంగా చాలేవి రెండు: నిష్పత్తి 3/2.

"బరంపురానికి మొదటే 2 ఇస్తే?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. చాలా మంచి ప్రశ్న. అప్పుడు స్నేహితుడు జాబితాను అక్కడే ఆపేస్తాడు. ఒకటి చాలిన చోట రెండు ఖర్చయ్యాయి, నిష్పత్తి 2! నాణెం ఎగరేయకుండా, అంటే అదృష్టానికి వదలకుండా, నిర్ణయించే ఏ పద్ధతికీ 3/2 కంటే తక్కువ నిష్పత్తి హామీ ఇవ్వడం సాధ్యం కాదని ఈ నాలుగు గడులే రుజువు చేశాయి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఇక షడ్భుజాల గళ్లు. సెల్‌లకు మూడు రంగులు వేసి, ఫ్రీక్వెన్సీలను మూడు వాటాలు చేసి రంగుకొకటి కట్టబెట్టడం సులువు. బరంపురం జాతర ఠాకురాణి యాత్రనాడు కాల్స్ అన్నీ ఒకే సెల్‌లో పడితే మాత్రం మిగతా రెండు వాటాలూ వృథాగా పడి ఉంటాయి. నిష్పత్తి 3. గ్రీడీకి అతి గడ్డు జాబితా మీద అది 17/7, అంటే సుమారు 2.43. అన్ని కాల్స్ ముందే తెలిసినా షడ్భుజాల మీద అత్యుత్తమ పంపకం కనుక్కోవడం ఎన్‌పీ-కఠినమని, అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా తేల్చే పద్ధతి ఏదీ తెలియని రకం లెక్క అని, పరిశోధకులు మెక్‌డయార్మిడ్, రీడ్ నిరూపించారు.

మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు షడ్భుజాలు గీసి మొదలుపెట్టండి. మిమ్మల్ని ఎక్కువ నంబర్లు వాడించేలా జాబితా రాయమని స్నేహితుడికి చెప్పండి. తర్వాత పాత్రలు మార్చుకోండి. జాబితా రాయడం వచ్చినవారికే పద్ధతి బలహీనత ఎక్కడుందో కనిపిస్తుంది. కాల్ ముగిసినప్పుడు నంబరు చెరిపేసే ఆటను ఇది చేయి తిరిగాకే మొదలుపెట్టండి.